ఏటిగట్టుకు మడవ

రాజమండ్రి శివార్లలో ఒక రేకుల షెడ్డు కింద గోదావరి పాయ ఒకటి పారుతూ ఉంటుంది. పొడుగు ముప్పై అడుగులు, వెడల్పు బారెడు. అటూ ఇటూ ఏటిగట్లు వేలి కణుపంత ఎత్తున ఉంటాయి. గట్ల వెనక ఊళ్ళు, ఊళ్ళలో చింతగింజలంత ఇళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా చూసి, బొమ్మలకొలువు భలే పెట్టారండీ అంటే అక్కడి ఇంజనీరు ఇందుమతికి ఒళ్ళు మండుతుంది. జీతాలిచ్చి మరీ పెద్దవాళ్ళ చేత బొమ్మలాట ఆడించేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?

అది నదీ నమూనా. ఏటి మీద వంతెనో రోడ్డో కట్టబోయే ముందు, కడితే వరద ఎటు పోతుందో చిన్నదాని మీద చూసుకోవడానికి కట్టింది. ఇలాంటి నమూనాలు ఎప్పటినుంచో ఉన్నాయి గాని, వాటికి ఒక జబ్బుంది. ఏటిని చిన్నది చేయగలిగారు, గట్టును చిన్నది చేయగలిగారు, నీటిచుక్కను మాత్రం చిన్నది చేయలేకపోయారు. వేలి కణుపంత గట్టు మీద మామూలు చుక్క వేస్తే చేమాకు మీద వేసినట్టు ముద్దగా నిలబడిపోతుంది. ఆ నీళ్ళు గట్టులోకి ఇంకవు, గట్టును కొరకవు. అందుకే పాత నమూనాలు వరద ఎంత ఎత్తు లేస్తుందో చెప్పేవి గాని గట్టు ఎక్కడ తెగుతుందో చెప్పలేకపోయేవి.

ఆ జబ్బుకు మందు గ్లాడిస్ కనిపెట్టింది. ఆవిడ రసాయనాల మనిషి, ఇందుమతికి షెడ్డులో తోడు. తన పెళ్ళి కూడా మరిచిపోయి తంటాలు పడిందని అందరూ వెక్కిరిస్తే, మరిచిపోలేదు, గుర్తొచ్చినా వెళ్ళలేదు అంటుంది. ఆవిడ చేసిన ద్రవం చూడ్డానికి నీళ్ళే. దోసిట్లో పోసుకుంటే నిలవదు, గాజుపలక మీద వేస్తే చుక్క కట్టదు. సన్ననీరు అని పేరు పెట్టుకున్నారు. గట్లకు కావలసిన మన్ను కూడా అసలు గట్టు నుంచే తవ్వి తెచ్చి, అదే లెక్కన మెత్తగా నూరించారు. సన్ననీరు ఆ సన్నమన్నులోకి అచ్చం ఏరు గట్టులోకి ఇంకినట్టే ఇంకుతుంది, అలాగే కోస్తుంది. రోజంతా పారవలసిన వరద ఒక పూట తిరగకముందే పారిపోతుంది, అంతే తేడా.

ఆషాఢం మొదట్లో ఒక ఉదయం ఆ పాయకు అడ్డంగా కొత్త హైవే బొమ్మ పెట్టి పెద్ద వరద వదిలారు. నీళ్ళున్న మేర వంతెన ఉంది. వంతెనకు అటూ ఇటూ లంకభూముల మీద మాత్రం ఎత్తుగా మట్టికట్ట పోసి దాని మీద రోడ్డు వేస్తారట. ఇన్నాళ్ళూ వరదకాలంలో లంకల మీద కాళ్ళు బారజాపుకుని పారిన ఏరు ఇప్పుడు ముడుచుకుని వంతెన కిందనుంచే పోవాలి. అది ముడుచుకునే రకం కాదు. రోడ్డుకు ఎగువన నీళ్ళు మెల్లగా లేచాయి. లేచి లేచి, ఎడమగట్టు వెనకున్న వెదుళ్ళమెరక దగ్గర, పొయ్యి మీద పాలు పొంగినట్టు, ఒక చోటని లేకుండా గట్టు పొడుగునా బారున పొర్లాయి. చింతగింజల ఇళ్ళు వరసగా మునిగిపోయాయి. వాటిలో బడికి ఆనుకుని ఉన్న ఇల్లు ఇందుమతి పుట్టిల్లు. ఆ గింజను అక్కడ తనే అతికించింది గాని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో తల్లి పేరంటాలు, తమ్ముడు నూకరాజు, అతని భార్యాపిల్లలు ఉంటున్నారు.

గ్లాడిస్ కుళాయి కట్టేసింది.

మందు కూడా నమూనాయే చెప్పింది. మట్టికట్టకు అక్కడక్కడ నీళ్ళు దాటిపోయే ఖానాలు పెట్టి మళ్ళీ వరద వదిలితే గట్టు తల తడవలేదు. ఖానాలు పెట్టించాలి, అంతే. చెప్పడానికి అంతే. ఆ మాట నిపుణుల కమిటీ నమ్మాలి. కమిటీకి ఒక పద్ధతి ఉంది, అది మంచి పద్ధతే: జరిగిపోయిన వరదను సరిగ్గా చూపించిన నమూనా మాటే రాబోయే వరద విషయంలో వింటారు. లేకపోతే రోడ్డువాళ్ళు కంప్యూటర్లో వేసుకొచ్చిన పాత లెక్కే ఖాయమవుతుంది. ఆ లెక్కలో ఖానాలు లేవు.

పాత వరద అంటే ముప్పై ఏళ్ళు పైబడిన మాట. ఆ వరదకే వెదుళ్ళమెరక గట్టుకు గండి పడి ఊరు కొట్టుకుపోయింది. అప్పటి నీటిమట్టాలన్నీ ఉన్నాయి కాబట్టి, రోడ్డు బొమ్మ తీసేసి ఆ వరదనే వదిలారు. నీళ్ళు గట్టు భుజాల దాకా వచ్చాయి. ఊట కూడా కనిపించలేదు. ఎలా వచ్చాయో అలాగే తగ్గిపోయాయి. గ్లాడిస్ మళ్ళీ వదిలింది, ఇంకా మళ్ళీ వదిలింది. గట్టు తెగలేదు.

డైరెక్టరు చయనులుగారు మంచివాడు, రిటైరు కాబోతున్న మంచివాడు. గండి పడినచోట కాస్త గుల్లమన్ను పోసి వదలమన్నాడు. అక్కడ గట్టు బలహీనంగా ఉండేదని రాసుకుంటే సరిపోతుందనీ, నమూనాను గతానికి సరిపెట్టడానికి లోకంలో అందరూ చేసేదే అదనీ సర్దిచెప్పాడు. ఇందుమతి అదీ చేసి చూసింది. గుల్లమన్ను పోస్తే అక్కడ తెగింది, నిజమే. కాని ఆ గుల్లమన్నుతోనే హైవే పెట్టి వరద వదిలితే, మిగతా గట్టు పొర్లకముందే అక్కడ తెగిపోయి నీళ్ళు దిగిపోయాయి. దాన్ని చూసి కమిటీ ఏమంటుంది? ఆ ఒక్కచోట గట్టు గట్టి చేయండి, ఖానాలు అక్కర్లేదు అంటుంది. లేని రోగానికి మందు వేసి ఉన్న రోగాన్ని వదిలేసినట్టవుతుంది.

"నా నీళ్ళు అబద్ధం ఆడవు ఇందూ" అంది గ్లాడిస్. "ఆ వరదకి ఆ గట్టు దానంతట అది తెగలేదు."

ఆ మాటకు వెదుళ్ళమెరకలో ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ గండి ఎలా పడిందో అక్కడ పాలు తాగే పిల్లను లేపి అడిగినా చెబుతుంది. అవతలి గట్టువాళ్ళు కొట్టారు. ఏరు పొంగినప్పుడు ఒక గట్టు తెగితే రెండో గట్టు బతుకుతుంది. అందుకే వరద రోజుల్లో రెండు ఊళ్ళవాళ్ళూ లాంతర్లు పట్టుకుని గట్లు కాసేది ఏటినుంచి కాదు, ఎదుటివాళ్ళనుంచి. గండి పడిన రాత్రి కుడిగట్టు ఊరు సరుగుడుపాలెం నుంచి సత్తెయ్య అనే అతని నావ వెదుళ్ళమెరక దగ్గర కనబడింది. పోలీసులు తీసుకెళ్ళి, సాక్ష్యం చాలక వదిలేశారు. ఊరు వదల్లేదు. సత్తెయ్యది రేవు దాటించే నావ. అవతలి ఊరివాళ్ళు ఎక్కకపోతే దానికి పనేముంది? ఒడ్డుకు లాగిపెట్టిన నావ అక్కడే చివికిపోయింది. సత్తెయ్య కూడా ఎక్కువకాలం బతకలేదు. రెండు ఊళ్ళూ నిప్పూ నీళ్ళూ ఇచ్చుకోవడం మానేశాయి.

ఇందుమతి కాకినాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో సూరిబాబు అనే కుర్రాణ్ణి ఇష్టపడింది. ఊరేదని అడిగేలోపే ఇష్టపడింది, చిక్కంతా అక్కడే వచ్చింది. అతనిది సరుగుడుపాలెం. సత్తెయ్యకు స్వయానా తమ్ముడి కొడుకు. వెదుళ్ళమెరకలో చాలా గొడవే అయింది గాని చివరికి పెళ్ళి జరిగింది. ఇందుమతి తండ్రి రాఘవులు ఊరి గట్టు బాగోగులు చూసే గట్టుపెద్ద. ఆయన పెళ్ళికి వచ్చి, కన్యాదానం చేసి, మగపెళ్ళివారి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఎంత పౌరుషం ఉన్న మనిషో అని అందరూ చెప్పుకున్నారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇందుమతి మావగారు వీరాస్వామి మాత్రం అన్న సంగతి గాని గండి సంగతి గాని కోడలి ముందు ఒక్కనాడూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ సంగతి ఎత్తవలసిన పని ఇందుమతికే పడింది. మనుషులు గండి కొట్టారని నమూనా రుజువు చేస్తే పాత వరద లెక్క కుదురుతుంది, కమిటీ నమ్ముతుంది, పుట్టిన ఊరు నిలుస్తుంది. కాని ఆ కాగితం మీద మెట్టినింటి పేరు మళ్ళీ మసవుతుంది, ఈసారి ప్రభుత్వ ముద్రతో. సూరిబాబుకు ఫోనులో చెబితే, అతను, నిజమైతే రాయక తప్పదు కదా అన్నాడు. కొబ్బరికాయల బేరంలో రోజూ గొంతు చించుకునే మనిషి అంత మెల్లగా మాట్లాడితే ఆమెకు ఏడుపొచ్చింది.

వెదుళ్ళమెరక కథలో ఎలా చెబుతారో అలాగే చేశారు. పాత వరద వదిలి, నీళ్ళు గట్టు భుజాల దాకా రాగానే, నావలో వచ్చినవాళ్ళు తవ్వినట్టు గ్లాడిస్ సన్నటి కత్తితో ఏటివైపు నుంచి గట్టును కోసింది. గట్టు తెగింది. నీళ్ళు ఊరి మీద పడ్డాయి. చయనులుగారు హమ్మయ్య అనుకున్నాడు. ఇందుమతి మాత్రం తెగినచోటుకు వెనక ఏర్పడిన గుంటను చూస్తూ ఉండిపోయింది. ఎక్కడ గండి పడినా దాని వెనక నీళ్ళు ఒక గుంట తవ్వుతాయి. నమూనాలో పడిన గుంట బానలా గుండ్రంగా, లోతుగా, గట్టు కాళ్ళ దగ్గరే ఉంది. వెదుళ్ళమెరకలో గండిగుంట గుండ్రంగా ఉండదు. పొట్లకాయలా పొడుగ్గా, మధ్యలో ఒక వంపు తిరిగి చేలలోకి పోతుంది. చిన్నప్పుడు ఈత నేర్చుకున్న గుంట అది, దాని ఒంపు ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

ఎగువన కోశారు, దిగువన కోశారు, వెడల్పుగా కోశారు, ఇరుకుగా కోశారు. ఎలా కోసినా బానలాంటి గుంటే పడింది, పొట్లకాయ పడలేదు.

ఆదివారం ఇందుమతి సరుగుడుపాలెం వెళ్ళింది. ముందురోజంతా కురిసిన వానకు నాట్లు ఊడ్చిన చేలు నిండిపోయి ఉన్నాయి. వీరాస్వామి పార భుజాన వేసుకుని బయలుదేరితే, ఇంట్లో కూర్చుంటే ఏవో ఆలోచనలు వస్తున్నాయని ఆమె కూడా వెంట నడిచింది. ఆయన చేని గట్టుకు మడవ కొట్టాడు. అంటే గట్టును అడుగు వెడల్పున తెంచాడు. నీళ్ళు ఆ సందులోంచి మురుగుకాలవలోకి పోయి, నాట్ల తలలు బయటపడేదాకా ఇద్దరూ గట్టు మీద నిలబడ్డారు. తర్వాత ఆయన ఎండుగడ్డి చుట్ట చుట్టి మడవలో కుక్కి, పైన మట్టిగడ్డలు వేసి కాలితో తొక్కాడు. మడవ కట్టడమంటే అదే. ఊడ్పులప్పుడు ఏ రైతయినా చేసే పనే.

ఇందుమతి ఆ కొత్త మడవను చూస్తూ నిలబడింది. గడ్డి సందులోంచి సన్నటి ధార ఒకటి జారి, మురుగుకాలవ వెంటే పొడుగ్గా గాడి తీసుకుంటూ పోతోంది.

ఏమ్మా అలా నిలబడిపోయావని వీరాస్వామి అడిగాడు. ఏం లేదు మావయ్యగారూ అంది. ఇది ఒక్క తొక్కుడికి ఆగదనీ, రేపు మళ్ళీ వచ్చి తొక్కాలనీ చెప్పి ఆయన పార కడుక్కోవడానికి వెళ్ళాడు.

మర్నాడు షెడ్డుకు వెళ్ళగానే ఆమె గ్లాడిస్ చేత ఏటి నీళ్ళు పూర్తిగా తగ్గించింది. ఊరి చేలలో నీళ్ళు నింపించింది. చేల నుంచి గట్టు దాకా ఒకప్పుడు ఉన్న మురుగుకాలవను పాత పటం చూసి గీయించింది. ఆ కాలవ గట్టును తాకే చోట గట్టును చీలికలా తెంచి, చేల నీళ్ళు ఏట్లోకి పోనిచ్చి, ఆ చీలికలో నూరిన గడ్డీ పొడిమన్నూ కలిపి కుక్కింది. పెద్దవాళ్ళు చూస్తే నవ్వే పని. చయనులుగారు చూశాడు గాని నవ్వలేదు. అప్పుడు పాత వరద వదిలారు.

నీళ్ళు గట్టు నడుము దాకా కూడా రాలేదు. గడ్డి కుక్కినచోట ఒక తడి మచ్చ పుట్టింది, ధార అయింది, తర్వాత మొత్తం ముద్ద ఒక్కసారి జారిపోయింది. నీళ్ళు దొరికిన మురుగుకాలవనే పట్టుకుని, దాన్నే తవ్వుకుంటూ, ఒక వంపు తిరిగి ఊళ్ళోకి పోయాయి. వరద తీసేశాక గ్లాడిస్ అసలు గండిగుంట పటాన్ని పలచటి కాగితం మీద గీసి పైన పరిచింది. వెంట్రుకవాసి తేడా లేదు.

గ్లాడిస్ సంతోషం పట్టలేక చేతులు చరిచి, ఇందుమతి మొహం చూసి ఆపేసింది. ఎవరు చేసుంటారని మెల్లగా అడిగింది.

"మావాళ్ళే" అంది ఇందుమతి. "నీట మునిగిన చేలు మావి. గట్టుపెద్ద మా నాన్న."

పెళ్ళిలో ఆయన మంచినీళ్ళు ముట్టకపోవడం అప్పుడు ఆమెకు అర్థమైంది. అది పౌరుషం కాదు. ఆ ఇంటి నీళ్ళు ఆయనకు గొంతు దిగలేదు.

ఫలితం చూసి చయనులుగారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. గుంట ఆకారం తనకు చాలు గాని కమిటీకి చాలదనీ, కాకతాళీయం అంటారనీ, పైగా తామే గండి కొట్టుకున్నామని ఏ ఊరు ఒప్పుకుంటుందనీ అన్నాడు. ప్రజాభిప్రాయ సేకరణకు కమిటీ వెదుళ్ళమెరకకే వస్తోంది. అక్కడ ఊరివాళ్ళలో ఒక్కరైనా ఔనంటే నమూనా నిలబడుతుంది. ఊరంతా కాదంటే నమూనాతో పాటు ఖానాలూ పోతాయి. అంటే ఆ ఊరు బతకాలంటే ఆ ఊరే నోరు తెరవాలి.

ఇందుమతి వెదుళ్ళమెరక వెళ్ళేసరికి పేరంటాలు అరుగు మీద కూర్చుని పనసగింజల తోలు ఒలుస్తోంది. నూకరాజు బజారుకు వెళ్ళాడు. ఇందుమతి తల్లి పక్కన కూర్చుని తనూ నాలుగు గింజలు ఒలిచి, అప్పుడు అడిగింది.

"అమ్మా, గండి పడకముందు ఏటిగట్టుకి మడవ కొట్టారా?"

పేరంటాలు చేతులు ఆగలేదు. ఒలిచిన గింజ గిన్నెలో వేసి, ఎవరు చెప్పేరని అడిగింది.

"గండిగుంటే చెప్పింది."

పేరంటాలు ఇంకేమీ దాచలేదు. దాచి దాచి విసిగిపోయినట్టుంది. ఆ ఏడు ఊడ్పులు అవగానే ముసురు పట్టింది. నాట్లు మునిగి కుళ్ళిపోతున్నాయి. మురుగు పోవడానికి అప్పట్లో ఊరికి తూము లేదు. ఏరు చూస్తే అడుగంటి ఉంది. మగవాళ్ళంతా కలిసి గట్టు తెంచారు, ఆడవాళ్ళు గడ్డిమోపులు మోశారు. పొద్దు వాలేసరికి నాట్లు తలలెత్తాయి, ఊరంతా పండగ చేసుకున్నంత పని చేసింది. వెంటనే పూడ్చేశారు కూడా.

"చేనుకి కట్టినట్టే కట్టేం" అంది పేరంటాలు. "చేను మనది గాని ఏరు మనది కాదని ఎవరికీ తోచలేదు. మర్నాడే ఎగువనుంచి వరదొచ్చి పడింది."

తెల్లారి గట్టు మీద మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. మడవ సంగతి ఎవరెత్తినా, తన పిల్లల్ని తనే చంపుకున్నానని చెప్పుకోవడమే. అప్పుడు ఎవరో సత్తెయ్య నావ కనబడిందన్నారు. ఊరంతా రాఘవులు వైపు చూసింది.

"మీ నాన్న ఔననలేదు, కాదనలేదు. తల దించుకున్నాడు. దాన్నే ఔననుకున్నారు."

మరి ఆ నావ ఎందుకొచ్చిందని ఇందుమతి అడిగింది.

"ఎందుకొస్తుంది? మనల్ని దింపడానికొచ్చింది. బడి కప్పు మీంచి నిన్ను చేతుల్లోకి అందుకున్నది సత్తెయ్యే. గండి కొట్టి, పాపభయంతో నావ తెచ్చేడన్నారు తర్వాత. నువ్వు ఆ ఇంటి పిల్లాణ్ణి చేసుకుంటానన్నప్పుడు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

ఇందుమతికి తల్లి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి, నూతి గట్టు మీద కాసేపు కూర్చుని, మొహం కడుక్కుని వచ్చింది. ఈ ముక్క కమిటీ ముందు చెప్పమని అడిగింది. పేరంటాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊరందరి పాపం తన ఒక్క నోటితో ఎలా చెప్పేదనీ, రేపు నూకరాజు ఈ ఊళ్ళో ఎలా తలెత్తుకు తిరుగుతాడనీ అంది. చెప్పకపోతే తిరగడానికి ఊరే ఉండదంది ఇందుమతి. బయలుదేరేటప్పుడు పనసగింజలు సంచిలో పోసి చేతికిచ్చింది.

కమిటీ వచ్చిన రోజు వాన తెరిపిచ్చింది. బడి ఆవరణలో షామియానా వేశారు. రోడ్డు రెండు గట్లనూ కలుపుతుంది కాబట్టి సరుగుడుపాలెం వాళ్ళనూ పిలిచారు. వాళ్ళు వచ్చి వెనక వరసలో విడిగా నిలబడ్డారు. అంతమంది ఆ ఊరివాళ్ళు ఏరు దాటి ఇక్కడ అడుగుపెట్టడం గండి తర్వాత అదే మొదలు. వాళ్ళలో సూరిబాబు, వీరాస్వామి ఉన్నారు. ఇందుమతి మావగారికి ఏమీ చెప్పలేదు. అది తన నోటితో చెప్పే మాట కాదనుకుంది.

ఆమె నమూనా సంగతి చెప్పింది. రోడ్డు ఇలాగే పడితే గట్టు పొర్లుతుందని చెప్పినప్పుడు ఊరు చెవులు రిక్కించి విన్నది. ఖానాలు పెడితే నిలుస్తుందన్నప్పుడు తలలూపింది. పాత గండి ఏటివైపు నుంచి కొట్టింది కాదనీ, మురుగు కోసం లోపలినుంచి తెంచి పూడ్చిన చోటే తెగిందనీ చెప్పేసరికి ఒక్కరూ కదల్లేదు. ముసలివాళ్ళు నేల చూశారు. పడుచువాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు, ఎందుకంటే వాళ్ళకు నిజంగానే తెలియదు. నూకరాజు లేచాడు.

"మా అక్క ఎవరింటి కోడలో ఇక్కడందరికీ తెలుసండి. మా ఊరి మీద మా అక్క చేతే బురద చల్లించేరు."

కమిటీ అధ్యక్షుడు పెద్దమనిషి. రెండువైపులా చూసి, అప్పటివాళ్ళెవరైనా ఉంటే చెప్పమనీ, గట్టుకు అలా మడవ కొట్టినట్టు ఎవరికైనా తెలుసా అనీ అడిగాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగాడు. ఇందుమతి తల్లి వైపు చూడకుండా ఉండాలని షామియానా గుడ్డ మీద పూలు చూస్తూ నిలబడింది. బలవంతం చేసి చెప్పించిన మాట తనకు అక్కర్లేదు. అధ్యక్షుడు రాసుకోవడానికి కాగితం ముందుకు లాక్కున్నాడు.

ఆడవాళ్ళ వైపునుంచి పేరంటాలు లేచింది. నూకరాజు, అమ్మా కూర్చో అన్నాడు. ఆవిడ కూర్చోలేదు.

"కొట్టేం బాబూ" అంది. "మేవే కొట్టేం. నాట్లు కుళ్ళిపోతన్నాయని కొట్టేం, గడ్డి పెట్టి పూడ్చేం. గడ్డి నేనూ మోసేను. సత్తెయ్యగారు కొట్టలేదు."

ఆ తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, అది ఆఫీసుల సంగతి. కమిటీ ఆ మాట రాసుకుంది, నమూనాను నమ్మింది. రోడ్డు పటం మార్చి ఖానాలు పెట్టించారు. రోడ్డు పూర్తయిన రెండో ఏడు పెద్ద వరదే వచ్చింది. నీళ్ళు ఖానాల్లోంచి దర్జాగా పోయాయి, వెదుళ్ళమెరక గట్టు మీద జనం పకోడీలు తింటూ వరద చూశారు. కాని ఆ ఊరు పేరంటాలును క్షమించలేదు. సొంత తమ్ముళ్ళ ఇళ్ళలో శుభకార్యాలకు కూడా ఆవిడకు పిలుపు రాలేదు. ఊరిని బతికించిన మాటే ఊరికి చేదైంది. అది లోకసహజమని గ్లాడిస్ అంటుంది గాని, తల్లి ఒంటరిగా గుమ్మంలో కూర్చుని ఉంటే ఇందుమతికి ఆ మాట చెవికెక్కదు. నమూనాలో అన్నీ చూసుకుంది, ఇది మాత్రం చూసుకోలేదు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు షామియానా కింద పేరంటాలు ఆ మాట అనేసి, నిలబడ్డచోటే కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. వెనక వరసలోంచి వీరాస్వామి జనాన్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చాడు. సూరిబాబు చెయ్యి పట్టుకోబోతే విడిపించుకున్నాడు. పేరంటాలుకు నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"చెల్లెమ్మా, ఆ మాట ఇంకోసారి చెప్పు."

పేరంటాలు తల దించుకుని మళ్ళీ చెప్పింది.

"కొంచెం గట్టిగా చెప్పు."

ఇందుమతి ముందుకు కదిలింది. ఇన్నేళ్ళ అవమానానికి ఆయన నలుగురిలో బదులు తీర్చుకుంటున్నాడనుకుంది. తీర్చుకునే హక్కు ఉందని కూడా అనుకుంది. అయినా అక్కడ నిలబడ్డది తన తల్లి. ఇంక చాలు మావయ్యగారూ అనబోయింది. ఈలోపు పేరంటాలు తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది, ఊపిరి బాగా పీల్చుకుంది. ఆవిడ గొంతు అంత పెద్దదని కన్నకూతురికే తెలియదు.

"సత్తెయ్యగారు గండి కొట్టలేదు. మేవే కొట్టేం. సత్తెయ్యగారు మా పిల్లల్ని బతికించేరు."

గట్టు మీద మేస్తున్న గేదెలు తలలెత్తి చూశాయి. అవతలి ఒడ్డున చేపల వల ఆరేస్తున్నవాళ్ళు ఇటు తిరిగారు. వీరాస్వామి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నకొద్దీ తడుస్తూనే ఉంది.

"మా అన్నకి చెముడమ్మా" అన్నాడు. "మెల్లగా చెబితే వినపడదు."